డ్రిల్లు మాస్టారు కొట్టేయించిన నా పేరు

మా డ్రిల్లు మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. మంచివాడని అందరూ అంటారు. నేను అనను.

మలయాలో తెల్లవాళ్ల పాలన, ఎమర్జెన్సీ రోజులు. సుంగై సుమున్ దగ్గర తోటలో మా అమ్మానాన్నలది కూలి పని. నేను పట్నంలో ఇంగ్లీషు బడిలో ఆఖరి ఏడు చదువుతున్నాను. మైలు పందెంలో నన్ను దాటినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ ఏటి జిల్లా పోటీలు చూడ్డానికి కౌలాలంపూర్ నుంచి టీచర్ల కాలేజీ దొర వస్తున్నాడనీ, ఆయన కంట్లో పడ్డవాడికి సీటు ఖాయమనీ బడంతా చెప్పుకున్నారు. మాస్టారూ తెలుగువాడే. తోట గుమాస్తాల ఇంటివాడు. ఆయన అన్న కొడుకు కూడా నాతోనే పరిగెత్తేవాడు.

పోటీ రోజు పొద్దున ముళ్లకంచె గేటు దగ్గర కాపలావాడు నా సంచి తడిమాడు. అడవిలో దాక్కుని సర్కారు మీద పోరాడుతున్న కమ్యూనిస్టులకి తిండి చేరుతుందని తోట బయటికి గుప్పెడన్నం కూడా పోనిచ్చేవారు కాదు. అమ్మ కట్టిన మూట విప్పి మట్టిలో గుమ్మరించాడు. ఖాళీ కడుపుతోనే పరిగెత్తాను. ఆఖరి చుట్టులో మాస్టారి అన్న కొడుకుని దాటి గెలిచాను.

దొర నన్ను పిలిచి పేరు రాసుకున్నాడు. “చదువెలా ఉంది?” అని అడుగుతుండగానే మాస్టారు పక్కన చేరారు. నాకు వినపడేలాగే ఇంగ్లీషులో అన్నారు: “వీడి చిన్నాన్నని పోలీసులు పట్టుకెళ్లారు సార్. మీకు తెలియాలి కదా.”

దొర నా పేరు మీద గీత గీశాడు. మళ్లీ నా మొహం చూడలేదు.

చిన్నాన్నని పట్టుకెళ్లిన మాట నిజమే. కూలీల తరఫున మాట్లాడినందుకు. ఏ తప్పూ దొరక్క రెండు వారాలకే వదిలేశారు. అదీ మాస్టారికి తెలుసు.

“వదిలేసినారని ఎందుకు సెప్పలేదు మాస్టారూ?” అని నిలదీశాను.

“ఆయన అడగలేదు లా” అని, మలయావాళ్లు మాట చివర తగిలించే ‘లా’ తగిలించి నవ్వారు.

సంగతి విని చిన్నాన్న నా ముందు చేతులు జోడించాడు. “నా వల్లే బాబూ, నీకిలాగయిపోనాది.” ఏ తప్పూ చెయ్యని మనిషి నాకు దణ్ణం పెట్టాడు. మాస్టారి మీద నా కోపం అప్పుడు గడ్డకట్టింది.

మర్నాడు అమ్మ బడికొచ్చి, పిల్లలందరి ముందూ ఆయన్ని కడిగేసింది. “నీ గుంటడు గెలవనేకపోతే నా గుంటడి కాళ్లు ఇరగ్గొట్టినావేటి?” ఆయన తలుపేసుకున్నారు.

కాలేజీకి ఆయన అన్న కొడుకు వెళ్లాడు. నేను రోడ్డు పనిలో చేరాను.

మెర్డెకా వచ్చింది, అంటే మలయాకి స్వాతంత్ర్యం. పట్నంలో సంబరాల పోటీలు పెట్టారు. మాస్టారు మా ఇంటికే వచ్చారు.

“నువ్వు పరిగెత్తాలి. మన తెలుగువాళ్ల పరువు.”

చిన్నాన్న అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. “ముందు మా చిన్నాన్నకి క్షమాపణ సెప్పండి” అన్నాను.

“పాత గొడవలిప్పుడెందుకు లా.”

“అయితే ఎళ్లిరండి.”

చిన్నాన్న నన్ను వారించబోయాడు. నేను వినలేదు. మాస్టారు క్షమాపణ చెప్పలేదు. నేను పరిగెత్తలేదు. ఆ తర్వాత ఏ పందెంలోనూ దిగలేదు. దానివల్ల నష్టపోయింది నువ్వేనని అమ్మ అనేది. అయ్యుండొచ్చు.