దివిసీమ నుంచి నల్లమలకు

అవనిగడ్డ బడిలో నేను సోషల్ పాఠాలు చెప్తాను. ఆ ఏడు కార్తీకంలో నల్లమల వెళ్దామని మా వారిని అడిగింది మాత్రం పాఠాల కోసం కాదు. ముందటి ఏడు మా మరిది రాంబాబు కృష్ణలో ఈతకు దిగి తిరిగి రాలేదు. మనిషి దొరకనూ లేదు. అప్పటి నుంచి మా వారు ఏటిగట్టు ఎక్కడం మానేశారు. తమ్ముడి మాట ఎవరెత్తినా లేచి పొలానికి వెళ్ళిపోయేవారు. శ్రీశైలం దగ్గర కొండల్ని కోసుకుంటూ వచ్చేది ఆ కృష్ణే అని ఆయనకీ తెలుసు. అయినా "సరే, వెళ్దాంలే" అన్నారు.

తెల్లవారుతూనే బెజవాడ బస్సెక్కాం. పామర్రులో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాం. మధ్యాహ్నం బెజవాడలో రైలెక్కితే వినుకొండ దాటేసరికే పొద్దు వాలింది. మార్కాపురంలో బస్టాండు పక్క లాడ్జిలో దిగి, ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసి పడుకున్నాం.

పొద్దున్నే శ్రీశైలం బస్సు. కిటికీ పక్క సీటు కోసం తొందరగా వెళ్ళడం మంచిది. మా పక్కన సీతాఫలాల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది.

"యాడ నుంచి వస్తా ఉండారమ్మా?" అంది.

"దివిసీమండీ, సముద్రం దగ్గర."

"నేను సముద్రం చూళ్ళేదు తల్లీ."

"మేం బెజవాడ కొండ తప్ప ఇంకో కొండ ఎరగమండీ" అన్నారు మా వారు. ఆవిడ నవ్వి, రెండు పళ్ళు ఆయన చేతిలో పెట్టి దోర్నాలలో దిగిపోయింది.

దోర్నాల దాటాక అడవి మొదలైంది. రోడ్డుకి రెండు వైపులా వెదురు పొదలు, మద్దిచెట్లు. వానలు వెలిసి ఎంతో కాలం కాలేదు, ఆకు మీద దుమ్ము లేదు. బస్సు మలుపులు తిరుగుతుంటే ఒక కొండ వెనక ఇంకోటి, దాని వెనక మరోటి నీలంగా లేస్తున్నాయి. రోడ్డు కోసం కొండను తొలిచిన చోట మా వారు తల బయటికి పెట్టి చూశారు.

"ఇదేంటి, గడ్డివామి కోసినట్టు పొరలు పొరలుగా ఉంది?"

"ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుకా బురదేనండీ ఇదంతా. గట్టిపడి రాయైంది. తర్వాత నేల ముడతలు పడి పైకి లేచింది. పిల్లలు రాసుకునే పలకలు కూడా ఈ చుట్టుపక్కల రాయే."

"బురదే కొండైందా?"

"మళ్ళీ ఆ కొండ అరిగి, ఏటిలో కొట్టుకొచ్చి మన పొలంలో మేట వేస్తుంది."

ఇంకో మలుపు వచ్చేదాకా ఆయన ఆ పొరలనే చూస్తూ కూర్చున్నారు. "అయితే మనం పరాయిచోటికేం రాలేదు" అన్నారు చివరికి.

శ్రీశైలంలో సత్రంలో గది తీసుకుని, దర్శనం చేసుకుని, సాయంత్రం పాతాళగంగకు బయల్దేరాం. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆగి ఆగి దిగాలి. సగం దారిలో కింద కృష్ణ నీళ్ళు కనిపించగానే ఆయన కూర్చుండిపోయారు.

"నువ్వెళ్ళిరా సుజాతా. నేనిక్కడ ఉంటాను."

బలవంతం చేయలేదు. ఒక్కదాన్నే దిగి, మూడు మునకలేసి, తల తుడుచుకుంటూ వెనక్కి తిరిగాను. ఆయన గోడ పట్టుకుని మెట్టు మెట్టూ దిగి వస్తున్నారు. చివరి మెట్టు మీద కూర్చుని మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టారు. ఎదురుగా కొండలు, మధ్యలో కదలని ఆకుపచ్చ నీరు.

"వాడికి ఈత నేర్పింది నేనే" అన్నారు.

"బాగా ఈదేవాడండీ."

"బాగా ఈదేవాడు" అని, వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నారు. ఆ నీళ్ళలో మొహం దాచుకుని ఏడ్చారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. పొద్దు కొండ చాటుకి వెళ్ళాక ఇద్దరం పైకి ఎక్కాం.

మర్నాడు మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాం. నల్లమల కాసేపు వెనక నీలంగీతలా కనిపించి పొలాల్లో కలిసిపోయింది. చూడాలనుకునేవాళ్ళు కార్తీకంలోనే వెళ్ళండి, అడవి అప్పుడే కడిగినట్టుంటుంది. అంత పాత కొండల మధ్య నిలబడితే మన బాధ చిన్నదైపోతుందని కొందరంటారు. మాకు చిన్నదేం కాలేదు. కాస్త మోయగలిగినట్టయింది, అంతే.

నరసరావుపేటలో ఎక్కిన ఒకాయన మాటల్లో మా వారిని అడిగాడు: "మీరెంతమందండీ అన్నదమ్ములు?"

నేను ఆయన వైపు తిరిగాను.

"ఇద్దరమండీ" అన్నారు మా వారు. "మా తమ్ముడు రాంబాబని. పోయినేడు పోయాడు. వాడు చేపల పులుసు వండితే వీధి వీధంతా..."

గుంటూరు వచ్చింది. ఆ కబుర్లు ఇంకా సాగుతూనే ఉన్నాయి.