వెనక్కి నడిచిన సూది

ముందే చెప్తున్నాను, ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో కాస్త అటూ ఇటూ చేస్తానేమో. కానీ మొన్న ఆదివారం మా ఇంటాయన తల టీషర్టులో ఇరుక్కుపోయింది మాత్రం నిజం. ఇరికించింది నేనే!

మాది అచ్చంపేట. పొద్దున వాకింగ్‌కు పోయే పెద్దమనుషులంతా ఒకే రంగు టీషర్టులు వేసుకుని ఫోటో దిగాలనుకున్నారు. "బయట కుట్టిచ్చుడెందుకు? మా సత్తెమ్మ కుడుతది. ముందు నాది చూడుండ్రి" అని మా ఆయన మాట ఇచ్చేశాడు. నాకు సంతోషం, భయం రెండూ. ఆ మధ్య పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. గిన్నె బొగ్గయింది. అప్పటినుంచి కోడలు సుజాత నా చేతిలోంచి ఒక్కో పనీ మెల్లగా తీసేసుకుంటోంది. మిగిలింది కుట్టుమిషన్ ఒక్కటే. అదీ పోతే ఇక గోడలు చూస్తూ కూర్చోవడమే.

పాత కాళ్ల మిషన్ మూలకు పోయి కరెంటుది వచ్చింది. సుజాత దాని డయల్ తిప్పి మూడు గీతల బొమ్మ దగ్గర పెట్టింది. "అత్తమ్మా, ఇది స్ట్రెచ్ కుట్టు. సాగే గుడ్డకు గిదే ఉండాలె. డయల్ ముట్టకు" అని చెప్పి డ్యూటీకి పోయింది.

మెడపట్టీ పెట్టి కాలితో నొక్కాను. సూది ముందుకు పోయింది. వెంటనే వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు! పాత మిషన్ మీద చక్రం వెనక్కి తిరిగిందంటే దారం తెగినట్టే. ఇదేమిటి, కుట్టిన చోటే మళ్ళీ కుడుతున్నానా? మరిచిపోయి ఏదైనా నొక్కానా? సుజాతకు ఫోన్ చేద్దామని తీశాను, పెట్టేశాను. అడిగితే ఆమెకు ఆ పాలగిన్నె గుర్తొస్తుంది. లేచాను, నీళ్లు తాగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆఖరికి డయల్ తిప్పి ఒక్క గీత దగ్గర పెట్టాను. సూది బుద్ధిగా ముందుకే నడిచింది. హమ్మయ్య! గట్టిగా ఉంటుందని పైన ఇంకో వరుస కూడా వేశాను.

ఆదివారం పొద్దున్నే ఫోటోకు తీసుకుపోయే ఆటో బయట హారన్ కొట్టింది. "వస్తున్న, వస్తున్న!" అంటూ మా ఆయన టీషర్టు తలమీంచి లాగాడు. నుదుటి దాకా వచ్చి ఆగింది. మెడపట్టీ సాగితే కదా!

"ఓ సత్తెమ్మా! గిది అంగీయా, సంచియా?"

"జర తల వంచుండ్రి!"

"వంచిన! చెవులు ఊడొస్తున్నయే!"

నేను కిందికి గుంజుతుంటే ఆయన పైకి గుంజుతున్నాడు. దారి కనబడక దర్వాజకు ఢీకొట్టాడు. ఆటోలోంచి ఆయన వాకింగ్ దోస్తు మల్లయ్య దిగొచ్చి, "ఏందన్నా, వదినెకు మొఖం సూపిస్తలేవా?" అని ఒకటే నవ్వు.

సుజాత కత్తెర తెచ్చి మెడపట్టీ కత్తిరించి మామను బయటికి తీసింది. తర్వాత నేరుగా మిషన్ దగ్గరికి పోయింది. నా ప్రాణం అక్కడే ఉంది.

"డయల్ ఎవలు తిప్పిండ్రు?"

"నేనే బిడ్డా. సూది ఎనకకు పోతాంటే, మతి తప్పి కుట్టినకాడనే కుడుతున్ననేమో అనుకున్న."

ఆమె నన్నే చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "గది గట్లనే పోవాలె అత్తమ్మా! ముందుకు, ఎనకకు, మళ్ల ముందుకు. అందుకే గుడ్డ సాగినా ఆ కుట్టు తెగది. ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద!"

మిషన్ తీసేయలేదు. డయల్ మీద మాత్రం టేపు అంటించింది.

కాబట్టి ఇకమీద నేను చెప్పిన ముచ్చటే మళ్ళీ చెప్తే మతిమరుపు అనకండి. స్ట్రెచ్ కుట్టు వేస్తున్నాననుకోండి! సుజాతా, ఆటో దిగొచ్చింది మల్లయ్యేనా, ఎల్లయ్యనా? నేను రాసింది జర చూసి దిద్దు బిడ్డా.