గాడిదకు మెడ లేదని అన్నయ్య అన్నాడు

మా ఆయన ఎదురుగా ఎవరు కూర్చున్నా సరే, కాసేపటికి గడ్డం కొంచెం పైకెత్తమంటారు. పెళ్లైన కొత్తలో నాతోనూ అదే మాట. కళ్లార్పకుండా చూస్తుంటే ప్రేమనుకున్నాను. చెవులు రెండూ కనబడుతున్నాయో లేదో చూస్తున్నారని తర్వాత తెలిసింది.

ఆయనది పాస్‌పోర్టు సైజు ఫోటోల స్టూడియో. స్టూడియో అంటే పెద్ద మాటే. ముందు ఒక కౌంటరు, వెనక ఒక తెర, తెర వెనక ఒక స్టూలు, గోడకు తెల్ల గుడ్డ. ఊళ్లో గుర్తింపు కార్డు ఉన్న మొహాల్లో సగానికి పైగా ఆ స్టూలు మీంచి లేచి వెళ్లినవే. నవ్వకూడదు, పళ్లు కనబడకూడదు, చెవులు దాచకూడదు, భుజాలు వంచకూడదు. ఈ మాటలు చెప్పీ చెప్పీ ఆయన కూడా అలాగే తయారయ్యారు. మా పెళ్లి ఫోటోలో నేను నవ్వుతూ ఉంటాను, ఆయన దరఖాస్తు పెట్టుకుంటున్నట్టు ఉంటారు.

కౌంటరు నాది. ఫోటోలు కత్తిరించి, కవర్లో పెట్టి, చేతికిస్తూ "బాగా వచ్చింది" అనడం నా పని. జ్వరంతో వచ్చినవాళ్లకూ అదే, నిద్ర లేచి నేరుగా వచ్చినవాళ్లకూ అదే. అందుకే నా మెచ్చుకోలుకు ఇంట్లో విలువ లేదు. ఏదైనా బాగుందన్నానంటే "నువ్వు అందరికీ అదే అంటావు" అంటారు. పోనీ బాగాలేదందామా? ఒకసారి ఆయన కొనుక్కున్న చొక్కా రంగు గురించి నోరు జారాను. ఆయన ఒక్క మాటా అనలేదు. అనకుండా వారం రోజులు ఉన్నారు. ఆ వారమంతా ఆ చొక్కాయే తొడుక్కున్నారు. అప్పట్నుంచి నా నోటికి తాళం.

మా అన్నయ్య గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గుర్తింపు కార్డుల ఆఫీసులో గుమస్తా. వచ్చిన దరఖాస్తు మీద ఫోటో చూసి, పనికొస్తే ముద్ర కొడతాడు, రాకపోతే వెనక్కిచ్చేస్తాడు. ఒక పెద్దావిడ బతిమాలితే మా ఆయన జన్మలో ఒకే ఒక్కసారి కరిగి, చెవి మీద జుట్టు ఉండనిచ్చారు. ఆ ఫోటో సరాసరి అన్నయ్య కౌంటరుకే వెళ్లింది. "చెవి ఏదమ్మా? ఎవడు తీశాడిది?" అని క్యూ మొత్తానికీ వినబడేలా అడిగాడట. ఆవిడ తిరిగొచ్చి, మా షాపు నిండా జనం ఉండగా, ఆ మాట పొల్లు పోకుండా అప్పజెప్పింది. అంతే. అన్నయ్య మా గుమ్మం తొక్కడం మానేశాడు, ఈయన వాళ్ల వీధి మొహం చూడటం మానేశారు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒక చెవి కోసం ఇద్దరు పెద్దమనుషులు ఏళ్ల తరబడి మాట్లాడుకోకపోవడం ఏమిటని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి పగలు ఒక ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది, సాయంత్రాలు ఇంట్లో సొంతంగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తుంది. గేమ్‌లో ఒక గాడిద. దాని వీపు మీద ఉత్తరాల మూట. కొండ మీద ఉన్న ఇంటికి ఆ ఉత్తరాలు చేరాలి, గాడిదేమో కదలదు. బతిమాలి, బుజ్జగించి, పాటలు పాడి, ఆడేవాళ్లు దాన్ని పైకి ఎక్కించాలి. కొత్త గేమ్‌ల ప్రదర్శన ఒకటి జరగబోతోందని, ఎంపికైతే అక్కడ ఒక బల్ల ఇస్తారని, జనం వచ్చి ఆడతారని చెప్పింది. ఆ బల్ల కోసం పిల్ల తిండీ నిద్రా మానేసింది. బొమ్మలు వేసేవాళ్లు దొరకలేదు. కంప్యూటర్లు రాకముందు నెగటివ్‌ల మీద సన్నని కుంచెతో జనం మొటిమలు చెరిపిన చెయ్యి ఇంట్లోనే ఉంది కదా అని నాన్నను అడిగింది. ఆయన బెట్టు చేయకుండా ఒప్పుకోవడం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

ఆయన కాగితం మీద కుంచెతో వేస్తే, అమ్మాయి దాన్ని ఫోటో తీసి గేమ్‌లోకి ఎక్కించేది. మొదటి గాడిద చూడ్డానికి ముద్దుగానే ఉంది. వచ్చిన చిక్కల్లా, అది నడిచేది పక్కకి, చూసేది మన వైపు. రెండు చెవులూ సమానంగా, నోరు గట్టిగా మూసుకుని, వెనక తెల్లటి కొండతో, ఒళ్లంతా ఎటో పోతున్నా మొహం మాత్రం మనల్నే చూస్తోంది. అమ్మాయి నీరసంగా "బాగుంది నాన్నా" అంది. తర్వాత చుట్టాలందరికీ ఫోన్‌లో పంపి, తప్పులుంటే చెప్పమని అడిగింది. అందరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. అమ్మాయి పెద్దత్త గులాబీల బొమ్మ పంపింది. అసలు తెరిచి చూసిందో లేదో.

అన్నయ్య మాత్రం నాకు ఫోన్ చేశాడు. "ఆ గాడిద కొండ ఎక్కడానికి వచ్చినట్టు లేదే, కార్డు కోసం వచ్చినట్టుంది. మా కౌంటర్లో అయితే తక్షణం ముద్ర కొట్టేస్తాను" అని పడీ పడీ నవ్వాడు.

నా కడుపులో మాట దాగదు. అన్నం వడ్డిస్తూ చెప్పేశాను. ఆయన సగంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు సాయంత్రానికి గాడిద మొహం కొండ వైపు తిరిగింది. ఒకే చెవి కనబడుతోంది. ఆయన చేతిలో ఒక చెవి దాక్కోవడం, ఆ పెద్దావిడ తర్వాత ఇదే. అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మీ అన్నయ్యకి పంపించు" అన్నారు.

పంపాను. అన్నయ్య కూడా బొటనవేలే పెట్టాడు.

ఆ బొమ్మను నేను తీరిగ్గా చూశాను. గాడిదకు మెడ లేదు. తల నేరుగా ఒంట్లోంచి మొలిచింది. ఎదురుగా కూర్చున్న మొహాల్నే ఇన్నేళ్లూ చూసిన మనిషికి పక్కనుంచి మెడ ఎలా ఉంటుందో ఏం తెలుస్తుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది. చొక్కా గుర్తొచ్చింది. అయినా ఆగలేకపోయాను.

"గాడిదకు మెడ లేదని అన్నయ్య అన్నాడు" అన్నాను.

"మీ అన్నయ్యకే లేదు మెడ" అన్నారాయన.

మాట నిజమే, మా అన్నయ్యకు మెడ తక్కువ. కానీ తెల్లారి లేచి చూస్తే గాడిదకు మెడ వచ్చింది.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. కాళ్లు స్టూలు కాళ్లలా ఉన్నాయని అన్నయ్య అన్నాడు. అంత మూట ఎత్తితే వీపు కాస్తయినా వంగదా అని అన్నయ్య అడిగాడు. కొండ మీద ఇల్లు బాత్రూములా ఉందని అన్నయ్య వెక్కిరించాడు. ఒకరోజు పొయ్యి మీద కూర మాడి, చిరాకులో ఉండి, తోక ఎక్కడ మొదలవుతుందో ఆ గాడిదకైనా తెలుసా అని కూడా అన్నయ్య చేతే అనిపించాను. పాపం అన్నయ్య ఆ సమయానికి ఆఫీసులో ఎవరి దరఖాస్తో తిప్పి పంపుతూ ఉండి ఉంటాడు.

మొదట్లో ఆయన ప్రతి మాటకూ భగ్గుమనేవారు. పోనుపోను ఆ మాట కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టారు. పైకి "ఆ మనిషికి వేరే పనేం లేదా" అంటూనే, నా ఫోన్ మోగితే చాలు, చేతిలో కుంచె ఆపి చెవి ఇటు పడేసేవారు. గాడిద రోజురోజుకీ గాడిదవుతోంది. అమ్మాయి దాన్ని తెర మీద అటూ ఇటూ నడిపించి చూసుకుని మురిసిపోతోంది. నేను మాత్రం, ఈయనా అన్నయ్యా కలవాలని ఇన్నేళ్లు ఏడ్చిన దాన్ని, ఇప్పుడు కలిస్తే నా బండారం బయటపడుతుందని వణికాను. మళ్లీ చొక్కా నాటి మౌనం వచ్చిందంటే కుంచె పక్కన పడుతుంది, పిల్ల బల్ల కాస్తా పోతుంది.

చివరి బొమ్మ దగ్గర కథ అడ్డం తిరిగింది. గాడిద కొండ ఎక్కేసింది, ఉత్తరాలు చేరాయి, అక్కడితో గేమ్ అయిపోతుంది. బొమ్మలో తప్పేమీ లేదు, కానీ ఏదో వెలితి. అమ్మాయికి అంతు పట్టలేదు. అన్నయ్య ఏమన్నాడని ఆయన అడిగితే, ఇంకా ఏమీ అనలేదన్నాను. గేమ్ పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది.

ఆయన కుంచె కడుగుతూ అన్నారు. "ఇన్ని తప్పులు పట్టాడంటే ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి. నేను వేసినదాన్ని అంతసేపు చూసినవాళ్లు ఇంకెవరున్నారు? ఆదివారం భోజనానికి పిలువు."

ఇక తప్పక అన్నయ్యకి ఫోన్ చేశాను.

ఆదివారం అన్నయ్య సంచి నిండా నారింజ పళ్లతో వచ్చాడు. మీరు కూర్చోండి బావగారూ అంటే మీరు కూర్చోండి బావగారూ అని ఇద్దరూ చాలాసేపు నిలబడే ఉన్నారు. భోజనాల దగ్గర ఆయన కంప్యూటర్ తెర ఇటు తిప్పి చివరి బొమ్మ చూపించారు. ఇన్నాళ్లకు గుమ్మం తొక్కినవాడు వంక పెడతాడా? అన్నయ్య అద్భుతమన్నాడు. ఆయన మొహం వాడిపోయింది. మొహమాటం వద్దని, మెడ గురించి చెప్పినట్టే చెప్పమని అడిగారు.

"మెడేంటి బావగారూ?" అన్నాడు అన్నయ్య.

నేను కళ్లతో సైగ చేశాను. మా అన్నయ్యకు పుట్టి బుద్ధెరిగాక సైగ అర్థమైన పాపాన పోలేదు. తను కార్డు మాట ఒక్కటే అన్నానని, అదీ సరదాకేనని చెప్పాడు. మరి కాళ్లో, అన్నారు ఈయన. ఏ కాళ్లు, అన్నాడు అన్నయ్య. తోక సంగతి వచ్చేసరికి అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను తలెత్తలేదు.

ఆయన ఒక్క మాటా అనలేదు. నెమ్మదిగా అన్నం ముగించారు. ఆ మౌనం నాకు తెలిసినదే. వారమో, ఈసారి నెలో అనుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కంప్యూటర్ ముందు తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఏళ్ల అలవాటు కదా, గడ్డం దానంతటదే పైకి లేచింది.

"దించు" అన్నారు. "నన్ను కాదు, బొమ్మని చూడు. ఎలా ఉంది?"

"బాగా వచ్చిందండీ."

"అది కౌంటరు మాట. మీ అన్నయ్య ఏమంటాడో చెప్పు."

బొమ్మ వైపు చూశాను. వెలితి ఏమిటో అప్పుడు కనబడింది.

"అన్నయ్యయితే... ఇంత దూరం బతిమాలుకుంటూ ఎక్కించిన మనిషి వెనకే నిలబడి ఉంటే, ఈ గాడిద ఒక్కసారైనా తిరిగి చూడదేమండీ అంటాడు."

"నేనలా అనలేదు" అన్నాడు అన్నయ్య సోఫాలోంచి, నారింజ ఒలుచుకుంటూ. ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన అప్పటికప్పుడే కుంచె తీశారు. గాడిద కొండ మీంచి వెనక్కి తిరిగి చూసింది. నోరు కూడా కాస్త తెరుచుకుంది. పళ్లు కనబడ్డాయి.

బల్ల వచ్చింది. ప్రదర్శనలో జనం వచ్చి ఆ గాడిదను బతిమాలుతుంటే మా అమ్మాయి కళ్లల్లో నీళ్లు. మా ఆయన పక్కన నిలబడి, ఆడేవాళ్ల మొహాలు చూస్తూ, గడ్డాలు ఎత్తమనకుండా చాలా కష్టం మీద ఆపుకున్నారు. అన్నయ్య సెలవు పెట్టి మరీ వచ్చాడు. గాడిదకు మెడ లేదని మొదట కనిపెట్టింది తనేనని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాం. ఆయన రెండు ముద్దలు తిని ఆగారు. నా వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"మీ అన్నయ్య అన్నాడు" అన్నారు. "నువ్వు కూరలో ఉప్పు ఎక్కువ వేస్తావట. పెళ్లైనప్పట్నుంచీ."

ఇన్నేళ్లూ ఆ ఉప్పంతా నోరు మెదపకుండా తిన్నారన్నమాట ఈ మనిషి. మజ్జిగ గ్లాసు ఆయన ముందుకు జరిపాను.

"రేపట్నుంచి తగ్గిస్తానని అన్నయ్యకి చెప్పండి" అన్నాను.