ఏడో సైలెన్సర్

మా ఆయన టర్నరు, లేతు మిషను మీద ఇనుము చెక్కే పని. పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఆ మోతలో నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. నేనేం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మీకది సామెత, నాకు కాపురం.

ఆయనకింకా వినబడేది ఒక్కటే, తన బొమ్మ విమానం ఇంజను. ఉండేది పిడికెడు, మోతకి వీధంతా దద్దరిల్లుతుంది. ఆదివారం ఇంటి వెనక మైదానంలో ఎగరేస్తాడు. ఆ మోత వింటూ ఇంజను పక్కనున్న చిన్న మర తిప్పి సరిచేస్తాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి!

మైదానం అవతల ఉండే నర్సమ్మకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. ఓ రోజు ఎర్రటి కళ్లతో మా గుమ్మంలోకొచ్చింది. "పిన్నిగారూ, ఆ విమానం మోతకి పగలు నిద్ర లేదండీ. నిన్న ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయాను."

కాగితం మీద రాసి ఆయనకి చూపించాను. మర్నాటి నుంచి సైలెన్సర్ల పని మొదలు. షాంపూ సీసా లాంటి అల్యూమినియం డబ్బా, దానికి బెజ్జాలు, లోపల ఇత్తడి గొట్టం, చుట్టూ స్టీలు పీచు.

"అది గిన్నెలు తోముకునేదండీ!" అని అరిచాను. వినబడితేగా!

మొదటిది గాల్లోనే ఊడిపోయింది. మూడోది పెడితే ఇంజనుకే ఊపిరాడలేదు. ఆరోదానికి మోత సగమైంది. నర్సమ్మ మొహమాటంగా "కాస్త నయమండీ" అంది. ఇక నావల్ల కాలేదు. "చాలించండి. ఇంకా తగ్గితే మీకేం వినబడుతుంది?" అని పెద్దక్షరాలతో రాశాను.

"ఆ పిల్ల నిద్రపోవాలి కదే" అన్నాడు, తలెత్తకుండానే.

ఒళ్లు మండింది. అందరి సంగతీ ఈయనకే కావాలి! వంటింట్లోకెళ్లి ఏడ్చాను.

గడిచిన ఆదివారం ఏడోది బిగించాడు. ఇంజను అందుకుంది, కుట్టుమిషనంత చప్పుడు. నర్సమ్మ కిటికీ తెర కదల్లేదు. ఆయన వంగి, చెవి దగ్గరగా పెట్టాడు. ఇంకో చెవి పెట్టాడు. విమానం ముక్కు మీది ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. మర మీద వేలు మాత్రం ఎటూ కదల్లేదు.

అప్పుడు నావైపు చూశాడు. "గరగరలాడుతోందా? సాఫీగా ఉందా?"

ఇంజన్ల సంగతి నాకేం తెలుసు, నా బొంద! ఇన్నేళ్లూ తిట్టుకోవడమే గానీ ఒక్కనాడైనా సరిగ్గా విన్నానా? పక్కనే చతికిలబడి, కళ్లు మూసుకుని విన్నాను. తెరిచేసరికి ఆయన చెయ్యి మర మీదే ఉంది, చూపు నా మొహం మీద. గరగరే. అడ్డంగా తలూపాను. కాస్త తిప్పి మళ్లీ నన్ను చూశాడు.