పరబ్రహ్మం రాయని సంగతి

భిలాయికి వచ్చే విదేశీ అతిథులకు దారీ తెన్నూ చెప్పే కాగితం ఒకటి కావాలని అపర్ణ అడిగినప్పుడు పరబ్రహ్మం నవ్వేశాడు. ఆమె ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. రైలు పట్టాల మీద మూడు రోజుల అంతర్జాతీయ సదస్సుకు ఏర్పాట్లు చూస్తోంది. ఆయన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో, పట్టాలు తయారుచేసే రైల్ మిల్లులో ముప్ఫై ఆరేళ్లు చేసి రిటైరైన ఫోర్‌మన్.

"నా ఇంగ్లీషు మీద నవ్వుతారమ్మా."

"మీరు చెప్పండి అంకుల్. ఇంగ్లీష్ మై కర్ లూంగీ, అది నేను చూసుకుంటా."

ఆయన చెప్పాడు. విమానం రాయపూర్‌లో దిగాలి, అక్కణ్ణుంచి కారులో గంట. రైల్లో వస్తే దుర్గ్‌లో దిగడం మేలు. టౌన్‌షిప్‌లో ఇంటి గుర్తంటే సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరే, చీటీ మీద రాసి ఉంచుకోండి. మధ్యాహ్నం రెండుకు షిఫ్టు మారుతుంది, ఆ అరగంట గేట్ల వైపు రాకండి. ఫిబ్రవరిలో తెల్లవారితే చలి, స్వెట్టరు తెచ్చుకోండి. అంతా కలిపి రెండు పేజీలైంది. వచ్చిన నలభై మందిలో ఒక్కరూ దారి తప్పలేదు.

మూడో రోజు ప్లాంటు చూపించాలి. ఉదయం ఎనిమిదిన్నరకు అపర్ణ ఫోన్ చేసింది.

"అంకుల్, ఒక మేడం చెప్పులతో వచ్చింది. సేఫ్టీ షూస్ లేకపోతే గేట్ దాటనివ్వరు కదా! మన పేపర్లో ఆ లైనే లేదు."

ఇనుప ముక్కు బూట్లు లేకుండా ప్లాంటుకు బయల్దేరే మనుషులు ఉంటారని పరబ్రహ్మానికి తోచనే లేదు. చొక్కా వేసుకుని రండని ఎవరైనా రాస్తారా? మిగతావాళ్లంతా మిల్లుల మనుషులు, ఎవరి బూట్లు వాళ్లు తెచ్చుకున్నారు. టర్కీ నుంచి వచ్చిన ఎలిఫ్ ఒక్కతే యూనివర్సిటీ మనిషి. పట్టాలు ఎందుకు పగులుతాయో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లో లెక్కలు కడుతోంది, ఎర్రగా కాలిన పట్టా తయారవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. దాని కోసమే ఇంత దూరం వచ్చింది. సాయంత్రం విమానం. లోపలికి పంపేది పదింటికి, ఒక్కసారే. సదస్సువాళ్లు అదనంగా ఉంచిన రెండు జతలూ మగవాళ్ల సైజువి.

"కాలెంత ఉంటుంది?"

"బహుత్ ఛోటా అంకుల్, చాలా చిన్నది."

ఆయనకు నూకమ్మ గుర్తొచ్చింది. అదే మిల్లులో ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలు, ఉండేది క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలో. ఆ రోజు ఆమెకు సెలవు. స్కూటర్ తీశాడు.

వెళ్లేసరికి బూట్లు రేకుల కప్పు మీద ఎండుతున్నాయి.

"నూకమ్మా, నీ బూట్లు కావాలే."

"ఏటి బావూ, మళ్లీ డూటీకెల్తన్నారేటి? అయ్యి మీ బొటనేలికి కూడా రావు."

సంగతి విని ఆమె బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, ఇదేసీ ఆవిడకి నా బూట్లా! వాసనొత్తాయి బావూ."

"వాసన గేటువాడు చూడడులే. తియ్యి తొందరగా."

నూకమ్మ బూట్లు దించి కొంగుతో తుడిచింది. కూతురి స్కూలు మేజోళ్లు రెండు జతలు వాటిలో కుక్కింది. "లూజైతే రెండూ ఏసుకోమను. కుడిదాని లేసు గట్టిగా లాగితే తెగిపోద్ది, సెప్పండి."

పదికి పది నిమిషాలుండగా ఎలిఫ్ గేటు ముందు గట్టు మీద కూర్చుని బూట్లు కట్టుకుంది. అపర్ణతో కలిసి లోపలికి వెళ్లింది. పరబ్రహ్మం బయటే ఉండిపోయాడు. రిటైరైనవాడికి పాస్ లేదు. ఎదుటి టీ కొట్లో రెండు గంటలు కూర్చున్నాడు.

బయటికొచ్చాక ఎలిఫ్ ఆయన రెండు చేతులూ పట్టుకుని గబగబా ఏదో చెప్పింది. "పట్టా పక్కనుంచి పోతుంటే కాళ్ల కింద నేల అదిరిందట అంకుల్. ఇరవై ఏళ్ల లెక్కల్లో ఆ అదురు లేదంటోంది. మీకు చాలా థాంక్స్ చెప్తోంది" అంది అపర్ణ.

"నాకెందుకు? మరిచింది నేను. బూట్లు నూకమ్మవి."

అది విన్నాక ఎలిఫ్ ఎయిర్‌పోర్టుకు ముందు క్యాంప్ 2కు వెళ్లాలంది. సందులోకి కారు పట్టలేదు. బూట్లు చేత పట్టుకుని పరబ్రహ్మం వెనకే నడిచింది. గుమ్మంలో వాటిని నూకమ్మకు అందించి, గుండె మీద చెయ్యి ఉంచి తల వంచింది. నూకమ్మ కంగారుగా రెండు చేతులూ జోడించింది.

"ఇంతకీ ఏటి సూసిందట బావూ?"

"నువ్వు ఊడ్చే చోటే నిలబడి పట్టా చూసింది. నీ మేలు మరిచిపోనంటోంది. నేనూ అంతే."

"నిన్ననే సుబ్బరంగా తుడిసినాను. సరైన రోజునే ఎల్లింది."