కృపానందం చాటిన పంట విరామం

కొత్తపేట పక్క పల్లెల్లో ఏ కబురు చాటాలన్నా ఆటోకి మైకు కట్టి కృపానందాన్ని ఎక్కిస్తారు. చర్చిలో పాడే గొంతు అది, కాలవ అవతలి గట్టుకీ వినబడుతుంది. ఆ గొంతు తప్ప అతనికి సొంతమంటూ ఏదీ లేదు. ఏళ్ళ తరబడి కౌలుకు చేస్తున్న రెండెకరాలూ వెంకటకృష్ణ మాస్టారివి.

హైస్కూల్లో అతనికి సోషల్ చెప్పింది ఆయనే. అమెరికా పాఠం వస్తే మాస్టారికి పూనకమే. ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న అక్కడి వలసలవాళ్ళు ఊరూరా కమిటీలు వేసుకున్నారు, ఉత్తరాలతో కబుర్లందించుకున్నారు, ఇంగ్లండు సరుకు కొనకూడదని కట్టుబడ్డారు, చివరికి ప్రతినిధులంతా ఒకచోట కూర్చున్నారు.

"మమ్మల్నడక్కుండా మా మీద పన్నేంటని నిలదీసేరర్రా!" అని బల్ల గుద్దేవారు.

మురుగు కాలవలు పూడిపోయి ఏటా వానాకాలం సార్వా చేలు మునుగుతుంటే, రిటైరైన మాస్టారు ఆ పాఠాన్నే ఊళ్ళోకి దింపారు. ఊరికో కమిటీ, కమిటీకో వాట్సాప్ గ్రూపు, అందరికీ కలిపి కొత్తపేటలో సభ. సర్కారు కాలవలు తవ్వేదాకా ఎవరూ నాట్లు వెయ్యకూడదని తీర్మానం. కమిటీల నిండా భూమి ఉన్న పెద్దమనుషులే. కౌలుదార్లను పిలవాలని ఒక్క మహానుభావుడికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే కృపానందానికీ తట్టలేదు. మైకు పట్టుకుని రోజంతా హుషారుగా చాటొచ్చాడు.

"ఊరందరికీ చెప్పొచ్చేరు. మరి మనమేం తినాలో కమిటీవోళ్ళు చెప్పేరా?" అంది భార్య శాంతి.

"మాస్టారు చూసుకుంటార్లే."

సార్వా అంతా చేను బీడు పడింది. శాంతి కొబ్బరి పీచు పనికి పోతుంటే అతను గట్టు మీద కూర్చునేవాడు. కోపం రావాలి కదా, రాలేదు. ఏడుపూ రాలేదు.

చివరికి కాలవలు తవ్వే మిషన్లు దిగాయి. రెండో పంట దాళ్వాకి చేను దమ్ము చెయ్యడం ఎప్పుడు మొదలెట్టమంటారని కృపానందం మాస్టారింటికి వెళ్ళాడు.

"చేను ఖాళీగా పడుందని రొయ్యల చెరువుకిచ్చేశాన్రా," అన్నారు మాస్టారు.

"నన్నో మాట అడగాల్సిందండీ."

మాస్టారు గోడవైపు చూశారు. బల్ల గుద్దిన ఆ చెయ్యి ఒళ్ళో ఊరికే పడుంది. "సాయంత్రం ఊరేగింపుంది. మైకు నువ్వే పట్టాలి," అన్నారు.

"ఆయ్, అలాగేనండి."

సాయంత్రం ఆటో ఆ చేను పక్కనుంచే వెళ్ళింది. పొక్లెయిన్ గట్లు తవ్వేస్తోంది. కృపానందం చూశాడు. లోపల ఏమీ కదల్లేదు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"రైతు సోదరులారా! మనం గెలిచేం!"

గొంతు ఎక్కడా తడబడలేదు. కాలవ అవతలి గట్టుకీ వినబడింది.