కొల్లేటి రైతులకు నేను చెప్పిన తిమింగలం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియనిది లేదనే నమ్మకం నాకు కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. చేపల మేత తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరి మూడు వారాలైంది. కొల్లేటి పక్కన ఓ ఊళ్లో చెరువుల రైతులకు మీటింగ్ పెట్టి, మా మేత గురించి నన్ను చెప్పమన్నారు. నేను చెప్పే తీరు చూశాకే ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ తేలుస్తానన్నారు మా మేనేజరుగారు. (ఆయన నవ్వగా చూసినవాళ్లు మా ఆఫీసులో ఎవరూ లేరు.)

తాడేపల్లిగూడెం నుంచి బయల్దేరి, ఏలూరులో బస్సు మారి అక్కడికి చేరేసరికి హాలు నిండిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. తెర మీద మేత బస్తాకు బదులు తెల్లటి బెలూగా తిమింగలం ప్రత్యక్షమై, నుదురు ఉబ్బించుకుని నవ్వుతున్నట్టు అందరినీ చూసింది. అది మా చెల్లెలి స్కూలు ప్రాజెక్టు. అంతకుముందు ఆదివారమంతా కూర్చుని చేసిపెట్టింది నేనే. దాని పెన్‌డ్రైవ్ నా జేబులోకి, నాది దాని పుస్తకాల సంచిలోకి వెళ్లిపోయాయన్నమాట. (ఆ రోజు మేత బస్తాల బొమ్మలతో అది క్లాసులో ఏం చేసిందో ఇప్పటికీ చెప్పలేదు.)

"పొరపాటైందండీ" అంటే సరిపోయేది. కానీ ముందు వరసలో మేనేజరుగారున్నారు. నిజం చెప్పాలంటే, మా మేత కన్నా బెలూగా గురించే నాకు బాగా తెలుసు కూడా. గొంతు సవరించుకుని, "మేత సంగతికి వచ్చేముందు ఈ జీవి గురించి తెలుసుకోవాలండీ" అని మొదలుపెట్టాను.

"ఎంత బరువొస్తుందండీ?" అన్నారు ఎర్ర కండువా పెద్దాయన.

"టన్ను దాటుతుందండీ."

హాలంతా సర్దుకుని కూర్చుంది. పుట్టినప్పుడు బూడిదరంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడుతుందని చెప్పాను. పిట్టల్లా కిచకిచలాడుతుందనీ, ఎండాకాలంలో నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గరికొచ్చి అడుగునున్న గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుని పాత చర్మం వదిలించుకుంటుందనీ చెప్పాను.

"మరి తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతేనండీ?"

"దానికి ఆ బాధ లేదండీ. ఊపిరితిత్తులుంటాయి. పైకొచ్చి గాలి పీల్చుకుని పోతుంది."

వెనకనుంచి ఎవరో, "అయితే నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు అక్కర్లేదండోయ్!" అన్నారు. కరెంటు పోయిన రాత్రుల్లో చెరువు గట్ల మీద జాగారం చేసినవాళ్లందరి మొహాల్లోనూ ఒక్కసారి వెలుగొచ్చింది. బాగా చల్లటి నీళ్లు కావాలండీ అంటే, "ఐసు మనకి కొత్తా ఏంటండీ" అన్నారు. పిల్లకు రెండేళ్లు పాలిస్తుందంటే ఒకాయన తన చీటీలో రాసుకున్నారు కూడా.

"ఇంతకీ మేతేంటండీ?" అన్నారు పెద్దాయన.

"చేపలండీ."

చీటీలో రాసుకుంటున్నాయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

"అంటే, మా చేపల్ని దానికి పెట్టి, దాన్ని మేం పెంచాలన్నమాట" అన్నారాయన, చాలా మర్యాదగా.

ఇక చెప్పక తప్పలేదు. "క్షమించాలండీ. పెన్‌డ్రైవ్ మారిపోయింది. ఇది మా చెల్లెలి ప్రాజెక్టు."

"తెలుసండీ. మొదటి బొమ్మ కిందే ‘ఏడో తరగతి, బి సెక్షన్’ అనుంది కదా" అన్నారు పెద్దాయన. "బస్తాలు రోజూ చూసేవే. మిగతా బొమ్మలు కూడా వేసెయ్యండి."

వేశాను, అది మెడ తిప్పి వెనక్కి చూసే బొమ్మతో సహా. తిరుగు ప్రయాణంలో మేనేజరుగారు తన కార్లో ఎక్కించుకున్నారు. ఏలూరు పొలిమేర దగ్గరికొచ్చేసరికి నేను ఉద్యోగం పోయిందని నిశ్చయించుకుని, ఇంట్లో ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను.

"అది నిజంగా మెడ తిప్పుతుందా?" అన్నారు హఠాత్తుగా.

"తిప్పుతుందండీ. చాలా తిమింగలాలకు మెడ ఎముకలు అతుక్కుపోయి ఉంటాయి, దీనికి విడివిడిగా ఉంటాయి."

"ఊఁ" అన్నారు. మర్నాడు ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు అలాంటి మీటింగులు పెట్టించేది నేనే. మా కుర్రాళ్లు ఒక్క తప్పు లేకుండా చెబుతారు. రైతులు మర్యాదగా ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. చివర్లో, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడుగుతాను. ఎవరూ అడగరు. అలాంటప్పుడు, ఎవరికీ అక్కర్లేని సంగతిని అంత ధీమాగా చెప్పి, అంతమంది చేత అన్ని ప్రశ్నలు అడిగించుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.